ఖాళీ మూటల వెలుగు

ఎస్. రాయవరం వైపు తీరం నుంచి ఎండు రొయ్యలు తెచ్చి నర్సీపట్నం సంతలో అమ్ముతాను. కొండ మీద నుంచి దిగే పసుపు కొంటాను. ఈ రెండు సరుకులే మా అమ్మాయి దీనాను విశాఖపట్నంలో పరిశోధన దాకా చదివించాయి. రొయ్యలు ఒలవగా మిగిలిన పొట్టు కోళ్ల మేతకు పోయేది. 2006లో దీనా అది తనకు కావాలంది.

"పొట్టుతో ఏటి సేస్తావే?"

"మూటలు కడతాను నాన్నా."

నాకు అర్థమైనంతలో ఆ బేరం ఇది. జబ్బుపడిన కణంలోకి మంచి జన్యువును పంపాలి. విడిగా పంపితే దారిలోనే ముక్కలైపోతుంది. రొయ్య పొట్టు నుంచి కైటోసాన్ అనే పాలిమర్ వస్తుంది. అది జన్యువును చుట్టుకుని కంటికి ఆనని నానో రేణువవుతుంది, కణంలోకి దూరుతుంది. ప్యాకింగు బాగుంటేనే సరుకు చేరుతుందని నాకు ఒకరు చెప్పాలా?

పరీక్షకు మాత్రం ముందుగా, కణాన్ని ఆకుపచ్చగా మెరిపించే జన్యువును పంపుతారట. కణం మెరిస్తే మూట చేరినట్టు. జనవరి ఆఖరులోగా మెరుపు చూపించకపోతే ఈ పని ఆపించి వేరే అంశం ఇస్తానని వాళ్ల సార్ చెప్పేశారు.

ల్యాబులో ఆరబెట్టే పెట్టె చెడిపోయి, క్రిస్మస్‌కి వస్తూ దీనా తడి కైటోసాన్ ఇంటికి తెచ్చింది. మా డాబా మీద ఎండబెట్టాం. గోదాములో పనిచేసే అప్పాయమ్మ దాన్ని సంచిలోకెత్తి ఇచ్చింది.

జనవరిలో ఫోనొచ్చింది. కణాలన్నీ మెరుస్తున్నాయట, సార్ మెచ్చుకున్నారట. ఆ ఆదివారం చర్చిలో లేచి, ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పాను.

తర్వాతి ఫోనులో దీనా గొంతు మారింది. "జన్యువు పెట్టకుండా ఖాళీ మూటలేసి చూశాను నాన్నా. అవీ మెరుస్తున్నాయి. ఎండబెట్టినప్పుడు ఏదైనా కలిసిందేమో అడుగు."

అప్పాయమ్మను పిలిచాను.

"కలపడమేటి బాబూ. పురుగు పట్టకుండా మన సంచులకి పసుపు రాస్తాం కదా, దీనికీ రాసేను. పాపది కదాని కూసింత ఎక్కువే రాసేను."

ఆ మాటే ఫోనులో దీనాకు చెప్పాను. "కణాల్ని చూసే మైక్రోస్కోపు దీపం కింద పసుపు కూడా ఆకుపచ్చగా మెరుస్తుంది. పొడి పసుపుపచ్చగా ఉంటే పొట్టు రంగే అనుకున్నాను."

"మీ సార్‌కి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు. చెప్తే ఈ పని పోతుందేమో."

ఊరుకోమనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ లెక్క కుదరలేదు.

"ఖాళీ మూట సరుకని అమ్మితే మళ్లీ వారం సంతలో నన్ను నిలబడనిస్తారేటి? సెప్పీ. బేగి సెప్పీ."

చెప్పింది. సార్ తిట్టారు, గడువు మాత్రం మార్చలేదు. ఆ సాయంత్రమే కొత్త పొట్టు బస్సుకెక్కించాం. "పసుపు లేని సరుకు ఈ గోదాము దాటడం ఇదే సూడ్డం," అని అప్పాయమ్మ మూతి ముడిచింది.

గడువు రోజు నేనూ ల్యాబుకు వెళ్లాను. మైక్రోస్కోపులో చూస్తే ఖాళీ మూటల పళ్లెం పూర్తిగా చీకటి. జన్యువు పెట్టిన మూటల పళ్లెంలోనూ అంతా చీకటే అనుకున్నాను. సార్ ఏదో తిప్పారు. అక్కడొకటి, ఇక్కడొకటి, సన్నగా ఆకుపచ్చ చుక్కలు.

"అంత పంపితే చేరింది ఇంతేనాండీ?"

సార్ నవ్వారు. "చేరింది కదండీ. మిగతావి ఎందుకు చేరలేదో ఇక దీనాయే చూసుకుంటుంది. పని ఆపనక్కర్లేదు."

దీనా అప్పటికే ఇంకో పళ్లెం కడుగుతోంది. "మళ్లీ పొట్టు కావాలి నాన్నా," అంది తలెత్తకుండా.

"ఎంత?" అన్నాను.