మూడు గంటల దారి

పరుశురాం బ్యాగు మోసుకుని గడప దాటగానే లింగవ్వ చీపురు తీసి బియ్యం డబ్బా వెనక దాచింది. మనిషి దారిలో ఉండగా ఇల్లు ఊడిస్తే అతని అడుగులు ఊడ్చినట్టేనని ఆమె నమ్మకం. కొడుకు షార్జా చేరేదాకా ఈ ఇంట్లో చీపురు పట్టకూడదు.

సూరత్‌లో తెలంగాణ నేతపనివాళ్లు ఉండే గోడాదరాలో అది తేలిక కాదు. కింద మరమగ్గాలు ఆడుతుంటే దారపు నూగు మెట్లెక్కి మరీ వచ్చి నేల మీద పడుతుంది. కరోనా రెండో ఏడు కాబట్టి సగం మగ్గాలు మూతబడి ఉన్నాయి. అందుకే పరుశురాం గల్ఫ్ దారి పట్టాడు.

"ఎంతసేపు వడ్తదే సంగీతా?" అని లింగవ్వ కోడలిని అడిగింది.

సూరత్‌లోనే పుట్టి పెరిగిన సంగీత ఫోన్‌లో వెతికింది. "పద్దెనిమిది వందల కిలోమీటర్లట అత్తమ్మా. విమానంలో మూడు గంటలే."

లింగవ్వ భర్త లస్మయ్య నవ్వాడు. "గంతేనా! మన ఊరికి రైల్ల వోతే నడుములు వడిపోతయ్. గీనికన్న షార్జానే నయముంది."

"నవ్వకయ్యా. పోరడు ఇంకా చేరలే."

పొద్దుగూకే వేళకు ఫోన్ వచ్చింది. "దిగిన నాయినా. ముక్కుల పుల్ల వెట్టి చూసిండ్రు. కరోనా ఉన్నదట. వేరే గదిల వెట్టిండ్రు. తగ్గినంకనే పనోళ్లుండే క్యాంపుకు పంపుతరట."

దిగాడు కదా అని సంగీత బియ్యం డబ్బా వైపు నడిచింది. లింగవ్వ అడ్డం వచ్చింది. "ఆగు. క్యాంపుల కాలు వెట్టనియ్."

ఆ గదిలోంచి పరుశురాంను దవాఖానాకు తీసుకుపోయారు. తర్వాత అతని నుంచి ఫోన్ రాలేదు. చివరికి ఆ క్యాంపులోనే ఉండే గంగారాం చేశాడు. లస్మయ్య చెవికి ఫోన్ ఆనించుకుని, "ఊఁ, ఊఁ" అంటూ అలాగే గోడకు జారగిలబడ్డాడు. కరోనా శవాన్ని విమానం ఎక్కించరట. అక్కడే కాల్చేశారట.

లింగవ్వ ఏడవలేదు. "క్యాంపుకు వోయిండా?" అని అడిగింది.

"పోలే."

"మరి ఇంకా చేరలే గదా," అని చీపురు తెచ్చి మంచం మీద పక్కనే పెట్టుకుంది.

ఇల్లు ఊడ్చి కడిగితే తప్ప కర్మ మొదలు కాదు. కులపోళ్లు వచ్చి గడప దగ్గరే నిలబడి తిరిగిపోయారు. సంగీత చేతి గాజులు చేతికే ఉన్నాయి. ఉంచుకోవాలో తీయాలో తెలియక కొంగులో చేతులు దాచుకుని కూర్చుంది. ఆ పిల్లను చూడలేక లస్మయ్య నేలకేసి చూశాడు. మంచం కింద నుంచి పరుశురాం బ్యాగు లాగిన చార నూగులో ఇంకా లీలగా కనబడుతోంది. లింగవ్వ దాన్ని తొక్కకుండా తిరుగుతోందని అతనికి అప్పుడు తెలిసింది.

లేచి వెళ్లి మంచం మీది చీపురు మీద చెయ్యి వేశాడు. లింగవ్వ గట్టిగా పట్టుకుంది.

"మూడు గంటల దారేనంటిరి గదయ్యా," అంది.

"గిట్లనే ఉంచితె వాడు ఎప్పటికీ తొవ్వలనే ఉంటడే. వాన్ని చేరనియ్."

ఆమె పిడికిలి మెల్లగా వదులైంది. లస్మయ్య వంగి గోడ మూల నుంచి మొదలుపెట్టాడు. ఆ చార దగ్గర చేయి ఒక్కసారి ఆగింది, మళ్లీ కదిలింది. చీపురు మంచం దాకా వచ్చినప్పుడు లింగవ్వ కాళ్లు పైకి తీసుకుంది.