చెట్ల చదువు

చిలుకమ్మ సంచిలో పాత పేపర్లు సర్దుతూ ఒక్కోదాని మీదా చూపు ఆపుతోంది. తన కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే కాగితాల మీదే ఆమె చదవడం నేర్చుకుంది. ఈ పేపర్ల నడుమ ఆకులు పెట్టి ఒత్తి ఆరబెడతాడు రాయమల్లు. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బాటనీ. తోటివాళ్లు సార్లతో ములుగు అడవికి పోయినప్పుడు జ్వరంతో పడుకున్నాడు. ఇప్పుడు ఒక్కడే పోతున్నాడు.

"నువ్వు అన్నీ చదివేదాక బస్సు ఆగదు పెద్దమ్మా," అన్నాడు రాయమల్లుతో ఒకే గదిలో ఉండే ఎకనామిక్స్ యాదగిరి.

"ఎన్‌కౌంటర్ల వార్తలున్నయి తీసేస్తాన్న. పోలీసోళ్లు సంచి ఇప్పి చూస్తరు."

హనుమకొండలో ఆమె ఇంటి వెనక గది, ఇక్కడ హైదరాబాదులోని యూనివర్సిటీ వాళ్ల పీజీ సెంటర్ నడిచినప్పటి నుంచీ విద్యార్థులదే. డెబ్బై ఆరులో అది సొంత యూనివర్సిటీ అయ్యాక కోర్సులు పెరిగాయి. తెలుగు ఎమ్మేలు, లెక్కలవాళ్లు, కెమిస్ట్రీవాళ్లు వచ్చారు, పోయారు. చెప్పకుండా పోయిన ఒకడు మళ్లీ పేపర్లో శవమై కనిపించాడు. అప్పటినుంచి ఎవరు సంచి సర్దినా ఆమెకు గుండెదడే.

"బిడ్డా, ఐడెంటిటీ కార్డు ఈడనే పెట్టి పో. యూనివర్సిటీ పిల్లగాడంటె అన్నల మనిషే అంటాండ్రు."

"అది లేకుంటె నేను బాటనీ అని ఎవడు నమ్ముతడు?"

"పసరు మందుకు వచ్చిన్నని చెప్పు."

"ఇస్త్రీ ప్యాంటేసుకొని పసరు మందు ఏరెటోన్ని ఎవ్వడు చూడలే," నవ్వాడు యాదగిరి. "కార్డు ఉండనియ్యి పెద్దమ్మా."

"నీ నవ్వు నీకే ఉండనీ! అది వీని జేబుల ఉన్నంతసేపు నా పానం కుదుటవడదు."

ఆమె రాయమల్లు ముందు చెయ్యి చాపింది. అతను కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఫికర్ చెయ్యకు. యూనివర్సిటీ పేరే ఎత్త. సరేనా?"

ఆ రాత్రి ములుగు బస్సు కండక్టర్ వెంకట్రాజం తలుపు తట్టాడు. సరుకులు ఆమె దగ్గరే కొంటాడు కాబట్టి పిల్లలిద్దరినీ ఎరుగును.

"తిరుగు బస్సుల మనోడు ఎక్కిండు పెద్దమ్మా. నడుమల పోలీసోళ్లు జీపు అడ్డం పెట్టిండ్రు. గిన్ని పేపర్లు, గిన్ని ఆకులు ఎందుకురా అంటె పసరు మందుకన్నడు. కాయితం చూపియ్యిమంటె లేదన్నడు. యూనివర్సిటీ పిల్లగాడని నేను చెప్పవోతె వద్దన్నట్టు తలూపిండు. జీపుల ఎక్కించుకపోయిండ్రు."

తెల్లారి యాదగిరీ సార్లూ ఠాణాలన్నీ తిరిగారు. అలాంటివాణ్ని ఎవరూ తేలేదన్నారు.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన రాయమల్లు, ఎమ్మెస్సీ బాటనీ రెండో ఏడు, పంతొమ్మిది వందల ఎనభై అయిదు నవంబరులో ములుగు పోయాడు. తిరిగి రాలేదు.