మామయ్య తెచ్చిన హీటరు

అది కాదమ్మలూ, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీ సోకుమాటలు కలపకు. నెమ్మదిగానే చెప్తాలే, నా మాట ఎటూ నత్తనడకే.

మీ నాయనమ్మకి జబ్బు ముదిరాక ఒంట్లోంచి చలి పుట్టుకొచ్చేది. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకే. అది చూడలేక మా అల్లుడు, అదే మీ మామయ్య, వెయ్యి వాట్ల హీటరు కొని తెచ్చి మంచం పక్కన పెట్టాడు. రోజూ పని నుంచి రాగానే, "అత్తయ్యా, వెచ్చగా ఉందా?" అని అడిగేవాడు.

"కొలిమి పక్కన పడుకోబెట్టావు కదయ్యా, ఇంక నన్ను సాగగొట్టి కొడవలి చెయ్యి" అని నవ్వేది. అతను చెయ్యి పట్టుకుంటాడేమోనని చేతులు దుప్పట్లో దాచేసుకునేది. అవి మంచుముక్కలు. నాకు తెలుసు.

ఉన్నన్నాళ్లూ అందరం ఆవిడ వంకే చూశాం గానీ హీటరు వంక చూడలేదు. పోయిన మర్నాడు మీ నాన్న ఆ హీటరు వేసి చూశాడు. మనింట్లో అందరం హీటర్లకీ మోటార్లకీ తీగ కాయిళ్లు చుట్టి బతికినవాళ్లమే కదా, తీగ రంగు చూసి సరుకు చెప్పేస్తాం. మంచి తీగ నిప్పుకణికలా కాలాలి. అదేమో ఇటుకరంగులో మసగ్గా ఉంది. చుట్టాలందరి ముందూ మీ నాన్న, "నకిలీ సరుకు తెచ్చావు బావా. అమ్మని చలికి చంపేశావు" అన్నాడు.

మీ మామయ్య చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. మొన్న మీ అత్త ఒక్కతే వచ్చి, "అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు నాన్నా" అని ఏడ్చింది.

నాకు మనసొప్పలేదు. నిన్న హీటరు ముందు మీటర్లు పెట్టుకుని కూర్చున్నా. మనింట్లో వోల్టేజీ నూట యాభై. కరెంటు మూడు ఆంపియర్లు. భాగించు. వేళ్ల మీద కాదే, కాగితం మీద. యాభై కదా? కరెంటుకి తీగ పెట్టే అడ్డు అది, యాభై ఓములు. మీ స్కూల్లో రెసిస్టెన్స్ అంటారుగా, అదే. ఇప్పుడు ఆ వోల్టేజీనీ కరెంటునీ గుణించు. నాలుగొందల యాభై వాట్లు. వెయ్యిలో సగం కూడా లేదు.

దాన్ని చంకన పెట్టుకుని మా పాత కాయిళ్ల షాపుకి పోయా. అక్కడ వోల్టేజీ నిండుగా రెండొందల ముప్పై. కరెంటు నాలుగు పాయింటు ఆరు. భాగించు. మళ్లీ యాభయ్యే! గుణిస్తే వెయ్యి దాటింది. తీగ నిప్పుకణికలా వెలిగింది. ఎదురుగా నిలబడలేకపోయాం.

తీగ అదే, అడ్డూ అదే. మన వీధికొచ్చే లైన్లోనే బలం లేదు. ఇంట్లో బల్బు కూడా ఏళ్ల తరబడి గుడ్డిగానే వెలుగుతోంది. అలవాటైపోయి ఎవరం తలెత్తి చూడలేదు.

మీ నాన్నకి లెక్క చూపించా. చాలాసేపు చూసి, "ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అన్నాడు.

"ఉన్న మొహమే పెట్టుకెళ్లు" అన్నా. ఇంకా కదల్లేదు.

ఆ వేడి తగిలుంటే ఆవిడ బతికేదని కాదు. డాక్టరు ముందే చేతులెత్తేశాడు. చేతులు వెచ్చగా ఉండగా పోయేది, అంతే. ఆ బాధ పోదమ్మలూ. కానీ అది మా అందరిదీ, అతనొక్కడిదీ కాదు.

అత్త వాళ్లింటికెళ్లి మామయ్యకి ఇది నువ్వే చదివి వినిపించు. చేతికిస్తే మడిచి పెట్టేస్తాడు. లెక్క దగ్గర ఆగి, అతని చేతే భాగహారం చేయించు. రెండుచోట్లా యాభై వచ్చేదాకా లేవనివ్వకు.