బొడ్డు కోసిన చెయ్యి

ఆళ్లగడ్డ చర్చిలో ఒక ఆనవాయితీ ఉండేది. క్రిస్మస్ ఆరాధనలో, ఆ ఏడు సంఘంలో అందరికంటే చివర పుట్టిన బిడ్డను జొన్నచొప్ప పరిచిన తొట్టిలో పడుకోబెట్టేవాళ్ళు. పడుకోబెట్టేది తల్లి కాదు, ఆ బిడ్డ బొడ్డు కోసిన మంత్రసాని. 1956లో ఆ బిడ్డ ఉపదేశి కరుణాకర్ కూతురే. మూడు నెలల పిల్ల. తల్లి లూదియా కాన్పులోనే పోయింది. బొడ్డు కోసింది ఏసమ్మ.

పండుగకు ముందురోజు పొద్దున్నే సంఘపెద్ద దేవదానం వచ్చి అరుగు మీద కూచున్నాడు.

“అయ్యోరూ, ఈయేడు ఏసమ్మ వద్దప్పా. మా ఇంటామె పెడ్తాది బిడ్డను.”

“ఎందుకు?”

“ఎందుకేంది? లూదియమ్మ ఆమె చేతుల్లోనే కదా పోయింది. మూణ్ణెల్లాయె, ఊర్లో ఒక్కరన్నా కాన్పుకు పిలిచినారా ఆమెను? కీడు తగిలిన చెయ్యప్పా అది.”

కరుణాకర్ నోరు తెరిచాడు. మాట రాలేదు. మూడు నెలలుగా రాని మాట అది.

కాన్పు అయిన ఆదివారం మధ్యాహ్నం నొప్పులు మొదలైన గంటకే ఏసమ్మ లూదియా కడుపు తడిమి చూసింది. “ఎదురుకాళ్ళతో ఉండాది బిడ్డ. నా వల్ల కాదు. మూడుగంటల బస్సుకు నంద్యాల ఆసుపత్రికి పోవాల,” అంది. కరుణాకర్ కాలేజీ చదివినవాడు. తొలికాన్పుకు చాలా పొద్దు పడుతుందని ఎక్కడో చదివాడు. సాయంత్రం ప్రార్థన నడపాల్సింది తనే. “ప్రార్థన కానీలే ఏసమ్మా,” అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎద్దులబండి కట్టించుకుని బయల్దేరితే, శిరివెళ్ల చేరకముందే బండిలో కాన్పు అయింది. ఏసమ్మ బిడ్డను దక్కించింది. తల్లి దక్కలేదు.

బస్సు సంగతి ముగ్గురికే తెలుసు. ఒకామె మట్టిలో ఉంది. ఇంకొకామె ఎవరితోనూ అనలేదు. పైగా రోజూ పొద్దున పిల్లకని మేకపాల చెంబు గడప మీద పెట్టి, లోపలికి రాకుండా పోయేది.

దేవదానం వెళ్ళిన కాసేపటికి చెంబు చప్పుడైంది. కరుణాకర్ గబగబా బయటికొచ్చాడు.

“ఏసమ్మా, రేపు చర్చికి రా.”

“యాడికి? మీ పెద్దమనిషి గొంతు వీధి చివరిదాకా ఇనపడింది గదా,” అని ఆమె పోబోతూ నిలబడింది. “ఒకటడుగుతా చెప్పయ్యా. ఏసుసామికి బొడ్డు కోసిందెవురు?”

“వాక్యంలో రాయలేదు.”

“రాయరులే. తల్లి బతికితే దేవుడి దయ. సచ్చినప్పుడు గదా మంత్రసాని పేరు గ్యాపకానికొచ్చేది!”

మర్నాడు చర్చి నిండిపోయింది. ఒక చేత్తో పిల్లను ఎత్తుకుని కరుణాకర్ వాక్యం చదివాడు. నిండుచూలాలు దూరప్రయాణం చేయడం, సత్రంలో చోటు దొరకకపోవడం. ఎన్నో ఏళ్ళుగా చదువుతున్న మాటలే. ఈసారి శిరివెళ్ల దారి, బండి చక్రాల చప్పుడు వాటి మధ్యకొచ్చాయి. దేవదానం భార్య పిల్లకోసం చేతులు చాచింది. కరుణాకర్ ఇవ్వలేదు.

“ఆ రోజు ఏసమ్మ బస్సుకు పోదామంది,” అన్నాడు. “ప్రార్థన అయ్యాక పోదామని ఆపింది నేను. లూదియా పోయింది నా వల్ల. ఏసమ్మ వల్ల కాదు.”

“పండగపూట ఇయన్నీ ఎందుకప్పా?” అన్నాడు దేవదానం గొంతు తగ్గించి.

“ఈ పూట చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.”

చెప్పులు విడిచే చోట, వాకిలి బయట నిలబడి ఉంది ఏసమ్మ. ఆమె నెమ్మదిగా లోపలికొచ్చి తొట్టి వైపు చూసింది.

“చొప్ప కుచ్చుకోదా పసిదానికి? గుడ్డన్నా పరచగూడదా?”

దేవదానం భార్య తన భుజం మీది కొత్త దుప్పటి తీసి, నాలుగు మడతలు వేసి చొప్ప మీద పరిచింది. ఏసమ్మ బిడ్డను అందుకుంటూ కరుణాకర్‌కు మాత్రమే వినపడేలా అంది.

“నాకు కడుపుమంట బస్సు పోయిందానికి కాదయ్యా. మూణ్ణెల్లు నోరు మూసుకుంటివే, దానికి.”

పిల్ల తొట్టిలో ఒకసారి కదిలి, మళ్ళీ నిద్రపోయింది. కరుణాకర్ మిగతా వాక్యం చదివాడు.

మర్నాడు పొద్దున్నే లేచి తలుపు తీశాడు. గడప మీద పాలచెంబు ఉంది. వీధిలో ఏసమ్మ వెనక్కి చూడకుండా వెళ్ళిపోతోంది.