తెర వెనక తిరగమాత

తిరగమాత చప్పుడు వెనక వరసలో వాళ్ల దాకా వినబడాలని పద్మనాభయ్య పెళ్లానికి మళ్లీ మళ్లీ చెప్పాడు.

"నూనె బాగా కాగనియ్యి. నేను ‘సుగుణా’ అని అరిస్తానే, అప్పుడు ఆవాలెయ్యాల. ముందెయ్యబాక."

వెంకటశేషమ్మ తలూపింది. కాపరానికి వచ్చింది మొదలు ఈ మనిషి అరిస్తే ఆవాలు వేస్తూనే ఉంది. ఇప్పుడు దానికి నాటకమని పేరు పెట్టాడు, అంతే.

అల్లూరులో పద్మనాభయ్యకు పొలమూ, నాటక సమాజమూ ఉన్నాయి. పొలాన్ని పాలేళ్లు చూసుకునేవారు, సమాజాన్ని ఆయన చూసుకునేవాడు. ఆ ఏడు మద్రాసు వెళ్లొచ్చి కొత్త ఆలోచన పట్టుకొచ్చాడు. నాటకాన్ని కళ్లతో, చెవులతో చూస్తే చాలదట, ముక్కుతో, నాలుకతో, వేళ్లతో కూడా చూడాలట. జనాన్ని పందిట్లో బంతిగా కూర్చోబెట్టి విస్తళ్లు వేస్తారు. కథలో పెళ్లివారు వాళ్లే. సుగుణ అనే ఇల్లాలు మొగుడి చేత మాటలు పడుతూ వాళ్లకు వడ్డిస్తుంది. ఆమె ఏడ్చే రంగంలో కాకరకాయ పులుసు, మొగుడి మనసు మారే రంగంలో పాయసం. పొయ్యి మాత్రం తడిక వెనక. అక్కడి వాసనను పాలేళ్లు విసనకర్రలతో పందిట్లోకి విసరాలి. మొగుడి వేషం పద్మనాభయ్యది, సుగుణ వేషం సమాజంలో ఆడవేషాలు కట్టే హజరత్తయ్యది.

"మగోడికి చీర కట్టేదేంది, నేనే వడ్డిస్తే పోలా?" అని శేషమ్మ ఒకనాడు అడిగింది.

"నువ్వు కనబడితే రసం చెడిపోద్దే. ఇల్లాలి బాధ నటించాలంటే సాధన కావాల."

ఆమెకు కోపం కూడా రాలేదు. మంచినీళ్ల చెంబు ఎక్కడుంటుందో తెలియని మనిషి బాధకు సాధన చెబుతున్నాడు. ‘ఆడది తినంగా మిగిలేది ఉండకూడదు, మిగిలింది ఆడది తినాల’ అని అత్తగారు మొదటి రోజే చెప్పింది. ఆ సాధన ఏ సమాజంలో నేర్పుతారో! ఈ మగాళ్లందరికీ ఆకలైనప్పుడు అమ్మ కావాలి, తిన్నాక పద్యం కావాలి. గిన్నెలు తోమే రంగం మాత్రం ఏ నాటకంలోనూ ఉండదు.

ఆటనాటి సాయంత్రం నెల్లూరు నుంచి పెద్ద ఆఫీసరు భార్యతో సహా వచ్చాడు. తెల్లారినప్పటి నుంచి పొగలో ఉన్న శేషమ్మ తడిక సందులోంచి చూసింది. హజరత్తయ్య పైట కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. జనం నోటినిండా అన్నంతో ఏడుస్తున్నారు.

"అబ్బ! ఆడదాని కష్టం కళ్లకు కట్టినాడయ్యా," అని ఒకాయన ముక్కు చీది, "ఆ కాకరకాయ పులుసు ఇంకొంచెం పొయ్యమను," అన్నాడు.

శేషమ్మకు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అసహ్యం వేసింది.

"సుగుణా!" అని పద్మనాభయ్య గర్జించాడు.

ఆవాలు ఆమె గుప్పిట్లోనే ఉన్నాయి. పళ్లెంలో పోసేసి, బూరెలమూకుడు దించి, చేతులు కడుక్కుని పందిట్లోకి నడిచింది. ఆఫీసరు భార్య పక్కన ఖాళీ విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"వడ్డించండి," అంది మొగుడితో. వెనక వరస దాకా వినబడింది.

హార్మోనియం ఆగిపోయింది. పద్మనాభయ్య వంగి, పళ్లు కొరుకుతూ, "లెయ్యే! పరువు తీస్తా ఉండావు," అన్నాడు.

"ముందు అన్నమెయ్యండి. చల్లారిపోతా ఉంది."

ఆఫీసరు భార్య ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి చప్పట్లు కొట్టింది. ఇదీ నాటకమే అనుకుని పందిరంతా కొట్టింది. ఇక దారిలేక పద్మనాభయ్య గరిటె పట్టుకున్నాడు. పులుసు సగం ఆమె చేతిమీద ఒలికింది. ఆమె నిదానంగా కలుపుకుని తిన్నది. తన వంట వేడిగా ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది. బాగుంది.

మర్నాడు పొద్దున పద్మనాభయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. కోపం లేదు, ముఖం వెలిగిపోతోంది.

"జనానికి ఆ రంగం బాగా పట్టింది. నేను రాసిందేనని చెప్పినాలే. నెల్లూరులో వేయమంటా ఉండారు. నువ్వు అట్నే వచ్చి కూర్చోవాల."

శేషమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఈ మనిషికా తను ఇన్నాళ్లు భయపడింది!

"కూర్చుంటా. వంటకు మాత్రం ఎవరినన్నా చూసుకోండి."

"దానికేం, నెల్లూరులో వంటోళ్లు దండిగా దొరుకుతారు."

"నెల్లూరుకు గాదు," అందామె, పీట వాల్చుకుని కూర్చుంటూ. "ఈ పూటకి."