గ్యాస్ ఎవరిది

మా చెరువు నిండి కోడి పోయిన సంవత్సరం అది. చెరువు అలుగును మా వైపు కోడి అంటాం. అంతకు ముందు ఎప్పుడు నిండిందో చెప్పగలిగిన ముసలివాళ్లం ఊళ్లో ఇద్దరు ముగ్గురం ఉన్నాం గానీ, ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోం. చెరువులో తుమ్మలు మొలిచి, పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటే అది చెరువన్న సంగతే అందరూ మరిచిపోయారు. ఆ కార్తీకంలో వాన పట్టుకుని వదల్లేదు. కోడి మీద నుంచి నీళ్లు దూకి, పల్లంలో ఉన్న కిందవీధి ఇళ్లలోకి మోకాటి లోతు వచ్చాయి. మా వీధికీ వచ్చాయి. మా వీధిలో అరుగులు ఎత్తు కాబట్టి పాదాలు తడిసేంతే వచ్చాయి.

కిందవీధి వాళ్లను బడిలో పెట్టారు. బట్లహళ్ళి నుంచి మా ఊరికి వచ్చే దారిలో మొదట కనబడేది ఆ బడే. కరోనా కాలమంతా మూసి ఉంచి, అప్పుడప్పుడే తెరిచిన బడిని వాళ్లకోసం మళ్లీ మూశారు. నీళ్లు తీశాక వాళ్లు పడుకున్న గదిని వాళ్లే ఊడ్చి, కడిగి, తాళంచెవి ఇచ్చి వెళ్లిపోయారు.

కథ అక్కడితో అయిపోవలసింది. కడిగిన గదిని మళ్లీ కడగాలని మా పెద్దలకు తోచింది.

సోమవారం విద్యాశాఖ సాహేబ్రు బడి చూడడానికి వస్తారని హెడ్‌మేష్ట్రు దేవరాజ్‌కు ఫోను వచ్చింది. శనివారం బడి అరుగు మీద కూడారు. బడి కమిటీకి అధ్యక్షుడు మునినారాయణ. ఊళ్లో అందరికన్నా పెద్ద పట్టుపురుగుల షెడ్డు అతనిదే. అతని తల్లి సుబ్బలక్ష్మమ్మ కూడా వచ్చింది. ఆమె కమిటీలో లేదు. కమిటీయే ఆమె కొంగులో ఉంది. నా కోడలు సుజాత బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఊడ్చే మనిషి మానేశాక గదులు, పాయిఖానాలు కూడా ఆమెకే అంటగట్టారు. గరిటె పట్టే చేతికి చీపురు ఒక బరువా అని. నా కొడుకు పోయినప్పటి నుంచి మా ఇంటిని నిలబెట్టింది ఆ గరిటే. అందుకని ఆమె చీపురు కూడా పట్టింది.

"ఆఫీసు నుంచి బ్లీచింగ్ మూట వచ్చిండాది. ఫినాయిల్ క్యాన్లు, ఆసిడ్ సీసాలు వచ్చిండాయి," అన్నాడు దేవరాజ్. "సాహేబ్రు లోపలికి అడుగు పెట్టంగానే శుభ్రం వాసన కొట్టాల."

శుభ్రానికి వాసన ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది.

"బ్లీచింగు మురికిని తీస్తాది. మైలను తీస్తాదా నాయనా?" అంది సుబ్బలక్ష్మమ్మ. "గంజలం చల్లాల."

ఆవు మూత్రాన్ని మా వైపు అట్లా అంటే మర్యాద.

"ఏం మైలమ్మా?" అన్నాడు దేవరాజ్.

"వరద మైల."

వరద మా వీధికీ వచ్చింది. మా ఇళ్లకు గంజలం కావాలని ఎవరూ అడగలేదు. గదిలో ఎవరు పడుకున్నారన్న మాట మాత్రం ఒక్కరూ నోటితో అనలేదు. మా ఊరివాళ్లు చాలా మర్యాదస్తులు.

ఇక ఏది ముందు అన్నదాని మీద చర్చ జరిగింది. గంజలం ముందు చల్లితే బ్లీచింగు దాన్ని కడిగేస్తుంది. బ్లీచింగు ముందు కొడితే సాహేబ్రుకు గంజలం వాసన తగులుతుంది. పొద్దుగూకే వేళకు మునినారాయణకు ఉపాయం తట్టింది.

"రెండూ ఒకే బకెట్లో పోస్తే సరిపాయె కదా. సర్కారుకు సర్కారుదీ అయితాది, దేవునికి దేవునిదీ అయితాది."

అందరి మొహాలూ వెలిగాయి. కమిటీ పుట్టినప్పటి నుంచి అంత తెలివైన మాట దానికి పుట్టలేదు.

"ఘాటుగా ఉంటాది సార్, తలుపులు తెరుచుకొని చేస్తాను," అంది సుజాత.

"వద్దమ్మా, తెరిస్తే వాసనంతా పోతాది," అన్నాడు దేవరాజ్. "మూసుకొని చెయ్యి."

ఆదివారం పొద్దున సుబ్బలక్ష్మమ్మ తన ఆవు గంజలం బిందెతో పంపింది. వారం నుంచి మూత పెట్టి దాచినదట, ఎంత పాతదైతే అంత శక్తి అట. శక్తి ఉన్న మాట నిజమే. మూత తీస్తే అరుగు మీది కోళ్లు లేచి అవతలికి పోయాయి.

నేను బోరు దగ్గర నుంచి నీళ్లు మోసుకొచ్చి తలుపు తట్టేసరికి లోపల దగ్గు వినిపించింది. తలుపు తోశాను. కళ్లలో కారం కొట్టినట్టయింది. గది మధ్యలో బకెట్టు పొగలు కక్కుతోంది. సుజాత రెండు చేతులూ నేల మీద ఆనించి, గుమ్మం వైపు పాకుతూ ఉంది.

"మామా, గాలి," అంది. ఇంకేమీ అనలేకపోయింది.

రెక్క పట్టుకుని అరుగు మీదికి లాగాను. మునినారాయణ టమాటాల టెంపోలో చింతామణి ఆసుపత్రికి తీసుకుపోయాం. దారంతా ఆమె ఊపిరి చిల్లు పడిన తిత్తిలా శబ్దం చేసింది.

"ఏం కలిపినారు?" అని అడిగింది అక్కడి డాక్టరమ్మ.

"ఏమీ కలపలేదమ్మా. శుద్ధి చేసినాము," అన్నాడు మునినారాయణ.

"దేంతో?"

"బ్లీచింగుతో. కొంచెం గంజలం. మచ్చలు పోతాయని మేష్ట్రు రవ్వంత ఆసిడ్ కూడా పోయమన్నాడు."

డాక్టరమ్మ సుజాత మొహానికి ఆక్సిజన్ మాస్కు బిగించింది. "గ్యాస్ పట్టేసింది," అంది. "బ్లీచింగును దేంట్లోనూ కలపకూడదు. ఈమెను రేపటి దాకా ఆక్సిజన్ మీద పెడతాము. మీరు పోయి ఆ రూము కిటికీలు, తలుపులు తెరవండి. గాలి బాగా ఆడినాక ఒట్టి నీళ్లతో కడగండి. అంత వరకు దాంట్లోకి పిల్లల్ని పోనీయొద్దండి."

మునినారాయణ అన్నింటికీ తల ఊపాడు. అన్ని మాటల్లో అతని చెవిలో నిలిచింది ఒక్కటే. గ్యాస్.

సుజాత తల్లి వచ్చి దగ్గర కూచుంటే నేను సాయంత్రానికి ఊరికి తిరిగి వచ్చాను. మునినారాయణ ఫోను నాకన్నా ముందే వచ్చింది. సుజాతమ్మకు గ్యాస్ అంట, అని ఊరంతా అంటోంది.

మా ఊళ్లో గ్యాస్ అంటే ప్రతి ఇంటికీ చుట్టం. ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్. మోకాలు పట్టేస్తే గ్యాస్. కొడుకు మాట వినకపోతే తండ్రికి గ్యాస్. కాబట్టి అందరికీ వెంటనే అర్థమైపోయింది.

"పొద్దున ఏమీ తినకుండా పోయింటాది," అంది సుబ్బలక్ష్మమ్మ. "రవ్వంత వాము నీళ్లు తాగింటే ఆసుపత్రికి పోయే పనే లేకపోవు."

"ఆయమ్మకు ఆలుగడ్డ అంటే ఇష్టం," అన్నాడు దేవరాజ్. "అంతా తానే తినేస్తే సాంబారులో మేము దేవులాడుకోవాల."

"కడుపులో గ్యాస్ కాదు. గదిలో గ్యాస్," అన్నాను.

"గదిలో యాడిదప్పా గ్యాసు?" అన్నాడు మునినారాయణ. "సిలిండరు వంటింట్లో కదా ఉండాది."

అరుగంతా నవ్వింది. నవ్వు ఆగాక విచారణ మొదలైంది. బ్లీచింగు తప్పు అనడానికి లేదు, అది సర్కారు ఇచ్చింది. గంజలం తప్పు అనడానికి లేదు, అది ఆవు ఇచ్చింది. ఆ ఆవు సుబ్బలక్ష్మమ్మది. గదిలో ఉన్నవాటిలో ఎవరికీ చెందనిది సుజాత ఒక్కతే.

"ఇట్లా గ్యాస్ ఉండే మనిషి చేత పిల్లోళ్లకు వంట చేయిస్తే రేపు మాట వస్తాది," అన్నాడు దేవరాజ్. "సాహేబ్రు ఎట్లాగూ వస్తాండారు. ఆయన చెవిలో వేసి వేరే మనిషిని పెట్టేద్దాము."

వేరే మనిషి కూడా సిద్ధంగా ఉంది. మునినారాయణ తమ్ముని పెండ్లాము ప్రమోద. ఆమెకు గ్యాస్ లేదని అక్కడికక్కడే తేల్చారు.

"గది మళ్లీ మూసేసినారు. తెరవమన్నది కదా డాక్టరమ్మ," అన్నాను.

"రేపు సాహేబ్రు చేతనే తెరిపిస్తాము," అన్నాడు మునినారాయణ. "రిబ్బను తెచ్చిండాము. పిల్లోళ్లను లోపల వరసగా కూచోబెట్టి స్వాగతం పాట పాడిస్తాము. ఇప్పుడు తెరిస్తే, ఇంత కష్టపడి చేసిన వాసన ఏమైతాది చెప్పు."

ఇంటికి పోతూ బడి వెనక కాలువ చూశాను. మిగిలిన బ్లీచింగు, ఫినాయిలు దాంట్లో కుమ్మరించినట్టున్నారు. ఆ కాలువ పోయి కలిసేది చెరువులోనే. వరదతో వచ్చిన కప్పలు దాని పొడవునా పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. వాటికీ గ్యాసే అయి ఉంటుంది. ఆలుగడ్డలు తిని ఉంటాయి.

మర్నాడు పొద్దున పురుగులకు ఆకు వేస్తూ కాసేపు నిలబడ్డాను. మా ఊళ్లో పట్టుపురుగులు మేపని ఇల్లు లేదు. పంట పంటకూ షెడ్డును బ్లీచింగుతోనే కడుగుతాం. కడిగాక తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, గాలి ఆడనిచ్చి, లోపలికి పోయి ముక్కుతో వాసన చూసి, లేదనుకున్నాకే పురుగులను దించుతాం. ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. మునినారాయణ అయితే ఇంకో రోజు ఎక్కువే ఆగుతాడు. పురుగుల దగ్గరికి అగరబత్తి వెలిగించుకుని వచ్చిందని సొంత తల్లినే బయటికి పంపిన మనిషి.

ఉన్న తట్టల్లో పెద్దది ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను. ఇంకో నాలుగు రోజుల్లో గూడు కట్టే పురుగులు. బడికి పోయాను.

పిల్లలు చేతుల్లో బంతిపూలతో వరసగా నిలబడి ఉన్నారు. గది తలుపుకు ఎర్ర రిబ్బను కట్టారు. దేవరాజ్ కొత్త చొక్కా వేసుకున్నాడు. సుబ్బలక్ష్మమ్మ హారతి పళ్లెం పట్టుకుని ఉంది.

"ఏందప్పా అది?" అన్నాడు మునినారాయణ.

"పురుగులు. ఇంట్లో ఎలకల పోరు ఎక్కువైంది. ఈ పూటకు ఈ గదిలో పెట్టుకుంటాను. గట్టి తలుపులు."

"బడిలోనా?"

"పెట్టనీలే," అన్నాడు దేవరాజ్. "పట్టు పండించే ఊరు కదా, సాహేబ్రు చూసి సంతోషపడతారు. పాట పాడేటప్పుడు పిల్లోళ్ల ముందర పెడితే ఫోటోకు బాగుంటాది."

అతను తాళం తీసి, రిబ్బను తెగకుండా తలుపు కొంచెం వెనక్కు నెట్టాడు. రాత్రంతా మూసి పెట్టిన వాసన మొహం మీద కొట్టింది. ముందు వరసలో పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను రిబ్బను కింద నుంచి వంగి తట్ట లోపలికి జరపబోయాను.

మునినారాయణ పరుగున వచ్చి తట్ట అంచు పట్టుకున్నాడు.

"నీకు బుద్ధి ఉండాదా అప్పా? బ్లీచింగు కొట్టి మూసిన రూములో పురుగులు పెడతావా? ఒక్కటి మిగల్దు."

"ఎందుకు మిగల్దు?"

"ఆ గ్యాస్‌కు యాడ మిగుల్తాయి," అన్నాడు.

అని ఆగిపోయాడు. అప్పటికే సాహేబ్రు కారు దిగి పిల్లల వెనక నిలబడి ఉన్నారు.

"ఏ గ్యాసు మునినారాయణా?" అన్నాను. "సుజాతదా, గదిదా?"

అతను తల్లి వైపు చూశాడు. ఆమె తట్టలో పురుగుల వైపు చూసింది. కొన్ని అప్పుడే తలలు పైకెత్తి ఊపుతున్నాయి. యాభై ఏళ్లుగా పురుగులు మేపిన మనిషి ఆమె, విషం తగిలిన పురుగును చూస్తేనే గుర్తుపడుతుంది.

"ముందు పురుగులను అవతల పెట్టరా," అంది. "పోయి కిటికీలు తెరువు."

అతను తువ్వాలు మొహానికి చుట్టుకుని లోపలికి దూరాడు. రిబ్బను అతని భుజానికి తగిలి తెగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఏమి వాసనరీ ఇది?" అని కన్నడం కలిపి అడిగారు సాహేబ్రు, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"శుభ్రం వాసన సార్," అన్నాడు దేవరాజ్. అని దగ్గాడు.

"ఇది కడిగిన మనిషి యాడ?"

"ఆసుపత్రిలో," అన్నాను. "ఈ గ్యాస్‌తోనే. అధ్యక్షుడే చెప్తాడు."

మునినారాయణ కళ్ల నీళ్లు కారుతూ బయటికి వచ్చాడు. దగ్గుతూనే తల ఊపాడు. లేదని చెప్పాలంటే పురుగులను లోపల పెట్టనివ్వాలి. అంత అబద్ధం ఆడే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ లేదు.

"అయితే పిల్లలకు వంట?" అన్నారు సాహేబ్రు.

"ఆయమ్మ వచ్చేదాకా ప్రమోద చేస్తాది సార్," అన్నాడు దేవరాజ్.

"వచ్చేదాకానే కదా?"

"వచ్చేదాకానే సార్."

రెండుసార్లు విన్నాను. పిల్లలు అరుగు మీద ఎండలో కూచుని పాట మొదలుపెట్టారు. నేను ఆగలేదు. తట్ట ఇంటికి తెచ్చి, నీడలో పెట్టి, లేత ఆకు కోసి వేశాను. కొన్ని తిన్నాయి. కొన్ని తల ఎత్తి అట్లాగే ఉండిపోయాయి. వాటిని ఏరి పారేసి, చేతులు కడుక్కుని, సుజాతను తీసుకురావడానికి చింతామణి బస్సెక్కాను.