మూడో నంబరు గాలి

రూఫస్ పదకొండు నెలలుగా కూతురితో మాట్లాడడం లేదు. చెప్పవలసినవి గోడకు చెబుతాడు. "ఈ ఇంట్లో ఉప్పయిపోయింది" అంటాడు గోడవైపు తిరిగి. మరునాటికి ఉప్పు వస్తుంది. "ఈ ఇంట్లో ఎవరికో పార్సిలొచ్చింది" అంటాడు. షారన్ వచ్చి తీసుకుంటుంది. ఇద్దరికీ అలవాటైపోయింది.

బోగోలు చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీల్లో, చేపల కొట్లలో చల్లదనం చెడితే రూఫస్‌నే పిలుస్తారు. ముప్పై ఏళ్ళుగా అదే పని. కంప్రెసరుకు చేతి వెనకభాగం ఆనించి వేడి ఎంతో చెప్పగలడు. ఊరందరికీ ఏసీలు బిగించినవాడు తన రేకులింట్లో మాత్రం ఒక్కటీ పెట్టలేదు. ఉన్నదల్లా ఒక ఇనుప టేబుల్ ఫ్యాను. దాని మోటారు తానే చుట్టాడు. మూడో నంబరులో పెడితే గోడకున్న క్యాలెండరు మేకు ఊడి కింద పడేది.

పోయిన మే నెలలో ఆయన భార్య ఆనందకుమారిని ఆసుపత్రివాళ్ళు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మూత్రపిండాలు చెడిపోయాయి. ఒక మధ్యాహ్నం రూఫస్ పని నుంచి వచ్చి చూస్తే ఆమె మంచం దగ్గర ఫ్యాను లేదు. అది లోపలి గదిలో షారన్ ల్యాప్‌టాప్‌కు గాలి కొడుతోంది. మరునాడు తెల్లవారకముందే ఆనందకుమారి పోయింది. సమాధి చేసి వచ్చాక కూతురితో ఒక్క మాట అన్నాడు. "ఆట కోసం మీ అమ్మ గాలి లాక్కున్నావు." ఫ్యానుకు గోనెసంచి చుట్టి సజ్జ మీద పడేశాడు. అంతటితో మాటలు ఆగిపోయాయి.

షారన్ ఆడేది ఐదుగురు జట్టుగా కలిసి తుపాకులు కాల్చే కంప్యూటరు ఆట. వచ్చే శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు జరిగే పోటీలో గెలిస్తే చెన్నైలో ఒక జట్టు ఆమెను చేర్చుకుంటుంది. ఆ ఇంట్లోంచి బయటపడడానికి ఆమెకు కనిపించిన దారి అదొక్కటే. దానికి వేడి అడ్డం వచ్చింది. ఏప్రిల్ ఎండకు రేకులు కాలి, పది నిమిషాలకే ల్యాప్‌టాప్ తొంభై ఏడు డిగ్రీలు ఎక్కేది. అక్కడికి చేరితే అది కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు తెర మీద అంతా ఆగి ఆగి నడుస్తుంది. ఎదుటివాడు కాల్చేసి పోయాక గాని వాడు వచ్చినట్టు కనిపించడు. అలా రెండు ఆటలు పోయాయి.

ఆమె చేయగలిగిందంతా చేసింది. ఉప్పుగాలికి ల్యాప్‌టాప్ లోపలి చిన్న ఫ్యాను రెక్కల సందుల్లో గడ్డకట్టిన దుమ్మును బ్రష్షుతో గీకింది. చిప్పు మీద వేడిని లాగే పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది పూసింది. బొమ్మల నాణ్యత అడుగుకు దించింది. ప్రాసెసర్ మరీ పరిగెత్తకుండా సెట్టింగుల్లో కట్టేసింది. అడుగు మూత విప్పి, నాలుగు సీసా మూతల మీద నిలబెట్టింది. ల్యాప్‌టాప్ కింద పెట్టే కూలింగ్ ప్యాడ్ తెప్పిస్తే దాని గాలి వేడన్నం మీద నోటితో ఊదినట్టుంది. కాస్త దిగేది, ఆట ముదిరితే మళ్ళీ ఎక్కేది. ఇక కావలసింది గట్టి గాలి.

గురువారం అన్నం దగ్గర అడిగింది.

"నాయనా, ఫ్యాను కావాల. శనివారం ఒక్క పూట."

రూఫస్ గోడవైపు తిరిగాడు. "ఈ ఇంట్లో ఒక ప్రాణం తీసింది చాల్లేదంట ఆ ఆటకు."

షారన్ కంచం కింద పెట్టింది. "అమ్మకు చలి. ఆ పొద్దే చెప్పినా. నువ్వు వినలా."

"పోయిన మనిషి లేచొచ్చి కాదంటదా యేంది" అన్నాడు గోడతో. "ఎన్నైనా చెప్పొచ్చు."

మరునాడు ఆరోగ్య ఉపకేంద్రంలో టీకాల ఫ్రిజ్ చూడడానికి వెళ్ళాడు. అక్కడి నర్సు వాణి వాళ్ళ వీధి మనిషే. ఆఖరి రోజుల్లో ఆనందకుమారికి సూదులు వేసింది ఆమే. తన పక్షాన ఒక సాక్షి దొరుకుతుందని రూఫస్ ఆ మధ్యాహ్నం సంగతి కదిపాడు. వాణి రిజిస్టరులోంచి తల ఎత్తలేదు.

"ఫ్యాను తీసి లోపలికిచ్చింది నేనే గదన్నా. ఒళ్ళు కాలిపోతా ఉన్నా అక్కకు చలికి పళ్ళు కటకటలాడతా ఉండె. చలిజ్వరం అట్నే ఉంటది. రెండు దుప్పట్లు కప్పి, తీయొద్దని షారన్‌కు చెప్పి పోయినా." ఒక పేజీ తిప్పింది. "సాయంత్రం వచ్చి చూస్తే దుప్పట్లు మూలన పడి ఉండాయి. ఫ్యాను మళ్ళీ అక్క మీదనే తిరగతా ఉండాది. పిల్ల తెలీక తీసిందిలే అని నేనేం అనలా."

రూఫస్ ఆమె మాటను దిద్దలేదు. ఫ్రిజ్ తలుపు రబ్బరు నొక్కి చూసి, బాగానే ఉందని చెప్పి వచ్చేశాడు.

దారి పొడుగునా అదే కళ్ళకు కట్టింది. ఆ రోజు ఇంటికి రాగానే భార్య నుదుటికి చేతి వెనకభాగం ఆనించాడు, కంప్రెసరును చూసినట్టు. కాలిపోతోంది. ఇంత వేడిలో దుప్పట్లేమిటని లాగి మూలకు విసిరాడు. అడ్డం వచ్చిన కూతురి చేయి తోసేశాడు. లోపలి నుంచి ఫ్యాను తెచ్చి మూడో నంబరులో పెట్టాడు. ఆనందకుమారికి అప్పటికే మాట పడిపోయింది. చేయి మాత్రం రెండు మూడుసార్లు దుప్పట్లున్న మూలవైపు కదిలింది. నీళ్ళు అడుగుతోందనుకున్నాడు. చల్లటి నీళ్ళు చెంచాతో పోశాడు.

శనివారం పొద్దున ఫ్యాను దించాడు. తుప్పు గీకి, ఇరుసు తిరిగే బుష్‌లో నూనె వేశాడు. లోపలి గదిలో ల్యాప్‌టాప్ కింది నుంచి గాలి దూరేటట్టు వంచి, వెనక చెక్కముక్క పెట్టి నిలబెట్టాడు. గాలి ఎటు దూరి ఎటు పోవాలో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. షారన్ చూసింది. కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

రెండింటికి ఆట మొదలైంది. రూఫస్ గుమ్మంలో నిలబడ్డాడు. తెర మూలన వేడి చూపే అంకె ఎనభై దాటలేదు. షారన్ తన జట్టువాళ్ళను తిట్టింది, మెచ్చుకుంది, ఒకసారి గట్టిగా నవ్వింది. ఆమె నవ్వు ఎలా ఉంటుందో ఆయన మరిచిపోయాడు. గంటన్నరకు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

రూఫస్ దగ్గరికి వెళ్ళి ల్యాప్‌టాప్‌కు చేతి వెనకభాగం ఆనించాడు. గోరువెచ్చగా ఉంది.

"గెలిచినావా పాపా?"

షారన్ గోడవైపు తిరిగింది.

"ఈ ఇంట్లో ఎవరో చెన్నై పోతా ఉండారు."

రూఫస్ ముందుగదిలోకి వచ్చి భార్య మంచం మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే చెప్పాడు.

"దుప్పట్లు తీసింది నేను."

"ఈ ఇంట్లో వాళ్ళకు ఆ సంగతి ఆ పొద్దే తెలుసు" అన్నది ఆమె, గోడతోనే.

తరవాత ఫ్యాను మోసుకొచ్చి మంచం ముందు పెట్టింది. వైరు తగిలించి, మూడో నంబరుకు తిప్పి, ఆయన మొహం చూడకుండా లోపలికి పోయింది. గాలి రొమ్ము మీద కొట్టింది. చెమట ఆరి ఒళ్ళు జలదరించింది. రూఫస్ చేయి ఒకసారి స్విచ్చువైపు కదిలి మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. లోపల షారన్ బట్టలు సర్దుకుంటోంది.